కడలి కడుపులో చమురు ఏమగుచున్నది?

కాలిఫోర్నియా తీరమున సాంటా బార్బరా పట్టణమునకు చేరువలోనున్న సముద్రతలమునుండి రేయింబవళ్లు చమురు ఊరుచునే యుండును. అది పగిలిన ఓడనుండి ఒలికినది కాదు. మానవుడు త్రవ్విన బావినుండి చిమ్మినదియు కాదు. భూగర్భమున రాతిపొరల నడుమ అణగియుండి, పగులు దొరికినచోట పైకి ప్రాకి, బొట్లు బొట్లుగా నీటిపై తేలుచున్నది. పూర్వము ఆ తీరమున నివసించిన చూమష్ జాతివారు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన కీలును ఏరి తెచ్చి, తమ పలకపడవల అతుకులకు పూసికొనెడివారు. ఇట్టి ఊటలు మెక్సికో సింధుశాఖ అడుగునను, మరి యెన్నో సముద్రములలోను కలవు. ప్రపంచమందలి సముద్రములలోనికి ఈ రీతిగా తనంతట తాను చేరు చమురు ఏటేట రమారమి ఆరు లక్షల టన్నులుండునని అమెరికా దేశపు జాతీయ పరిశోధనా మండలి 2003లో అంచనా కట్టినది. ఓడలవలనను, బావులవలనను, నగరముల మురుగువలనను మానవుడు కలుపుచున్న చమురంతయు కూడినను ఆనాటి లెక్కకు దానితో ఇంచుమించు సమానమే.

ఈ ఊటలు నిన్న మొన్న పుట్టినవి కావు. మనుష్యజాతి పుట్టుకకు ఎంతో ముందునుండియు ఊరుచున్నవి. అంత కాలము అంత చమురు చేరినచో సముద్రములన్నియు ఈపాటికి నల్లని జిడ్డుపొర క్రింద అణగియుండవలసినది. అట్లు జరుగలేదు. చమురునందలి తేలిక భాగములు గాలిలో ఆవిరియగునన్నమాట నిజమే. మిగిలినదానిని సూర్యరశ్మి కొంత మార్చుననుటయు నిజమే. కాని ఈ రెండును కలిసియు లెక్కకు చాలవు. తక్కిన చమురును తినివేయుచున్నవి సూక్ష్మజీవులు. అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థయందు పనిచేసిన క్లాడ్ జోబెల్ పండితుడు, చమురుతిను సూక్ష్మజీవులు ప్రకృతిలో విరివిగా వ్యాపించియున్నవని, అంతవరకు తెలిసిన విషయములన్నిటిని క్రోడీకరించి 1946లోనే ప్రకటించెను. అయినను అవి ఉప్పునీటిలో ఎట్లు బ్రతుకుచున్నవి, నీటితో కలియని చమురును ఎట్లు పట్టుకొనుచున్నవి, చమురు లేని దినములలో ఏమి తినుచున్నవి అను ప్రశ్నలకు సమాధానములు చాల కాలమునకు గాని దొరకలేదు.

ఉప్పు పెట్టు పరీక్ష

ఆవకాయలో ఉప్పు వేయుట రుచికొరకే కాదని మన యిండ్లలో ఎరుగనివారు లేరు. ఉప్పు చాలని ఊరగాయకు బూజు పట్టును. మామిడిముక్కనుండి ఊట దిగుటకును, జాడీలో బూజు చేరకుండుటకును కారణ మొక్కటే. ప్రతి జీవకణమునకును ఒక పలుచని పొర కలదు. ఆ పొర నీటిని సులభముగా పోనిచ్చును గాని ఉప్పును అంత సులభముగా రానీయదు. వెలుపల ఉప్పు హెచ్చుగనున్నచో, లోపలి నీరు ఆ హెచ్చువైపునకు జారిపోవును. మామిడిముక్క ముడుచుకొనుటయు అందువలననే. జాడీలో పడిన సూక్ష్మజీవి ఎండి అణగిపోవుటయు అందువలననే.

సముద్రజలమున లీటరు ఒక్కింటికి దాదాపు 35 గ్రాముల లవణములు కలవు. ఇది ఊరగాయకంటె చాల తక్కువే యైనను, మంచినీటికి అలవాటుపడిన బాక్టీరియాను క్రుంగదీయుటకు చాలినంతయే. ఏటినుండి కొట్టుకొనివచ్చి కడలిలో పడిన జీవి తన లోపలి నీటిని నిలుపుకొనలేక చాల మట్టుకు నిద్రాణమగును, లేదా నశించును. కాగా సముద్రమునందే పుట్టి పెరుగు బాక్టీరియా ఈ చిక్కును ఒక నేర్పుతో దాటుచున్నవి. వెలుపలి ఉప్పునకు సరితూగునట్లు లోపల మరియొక పదార్థమును కూడబెట్టుకొనుటయే ఆ నేర్పు. ఎక్టోయిన్, బీటెయిన్ అను పేర్లుగల చిన్న చిన్న అణువులు ఇందులకు ఉపయోగపడుచున్నవి. ఇవి నీటిలో చక్కగా కరగును. ఎంతగా పోగుపడినను కణములోని ప్రోటీనుల పనికి అడ్డురావు. లోపలి ద్రవము వెలుపలి ద్రవమంత చిక్కనగుటచే నీరు బయటికి జారదు. ఉప్పులోని సోడియమును మాత్రము ఆ జీవులు ఎప్పటికప్పుడు వెలుపలికి నెట్టివేయుచుండును. అంతటితో ఆగక, వెలుపల పోగుపడిన సోడియము తిరిగి లోనికి చొచ్చుకొనివచ్చు త్రోపుడును ఆసరాగా చేసికొని పోషకములను లోనికి లాగికొనుటకూడ వానికి తెలియును. శత్రువుచేత చాకిరి చేయించుకొనుట యన నిదియే కాబోలు.

ఇందు రెండు తెగలను వేరుగా గుర్తింపవలెను. ఉప్పును ఓర్చుకొనునవి కొన్ని. ఉప్పు లేనిదే బ్రతుకజాలనివి కొన్ని. నౌపడనుండి చినగంజామువరకు మన తీరమున గల ఉప్పుమడులవంటి తావులలో, ఉప్పు గడ్డకట్టబోవు దశయందు నీటికి కెంపురంగు తెచ్చు సూక్ష్మజీవులు రెండవ తెగలోనివి. అవి తమ కణమును పొటాషియము లవణముతోనే నింపుకొనును. మంచినీటిలో వేసినచో వాని శరీరములే విచ్చిపోవును. మొదటి తెగకు చక్కని నిదర్శనము మెరినోబాక్టర్. మధ్యధరాసముద్ర తీరమున, ఫ్రాన్సు దేశపు ఫోస్ సింధుశాఖలో, ఒక చమురుశుద్ధి కర్మాగారపు మురుగు సముద్రమున కలియుచోట దొరికిన ఈ బాక్టీరియమును శాస్త్రజ్ఞులు 1992లో వర్ణించిరి. లీటరుకు 5 గ్రాముల ఉప్పు మొదలు 200 గ్రాముల వరకును ఇది పెరుగగలదు. అనగా నదీముఖమందలి చప్పని నీటిలోను బ్రతుకును, సముద్రముకంటె అయిదారు రెట్లు ఉప్పనైన నీటిలోను బ్రతుకును. చమురుబావులనుండి చమురుతో పాటు పైకివచ్చు నీరు పెక్కుచోట్ల సముద్రముకన్నను ఉప్పనైనది గావున, ఇట్టి జీవుల ఓర్పునకు పరిశ్రమలలోకూడ విలువ కలదు.

బోర్కుమ్ దీవి ప్రక్క దొరికిన ప్రాణి

ఉత్తరసముద్రములో జర్మనీకి చెందిన బోర్కుమ్ అను చిన్న దీవి కలదు. ఆ ప్రాంతపు సముద్రమునుండి వేరుపరచిన ఒక కడ్డీవంటి బాక్టీరియమును యకిమోవ్, గోలిషిన్ మొదలగు పరిశోధకులు 1998లో లోకమునకు పరిచయము చేసి, ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ అని నామకరణము చేసిరి. దీని భోజనమర్యాద విచిత్రమైనది. లోకములోని బాక్టీరియాలో అధికభాగము చక్కెర కనబడిన ఆత్రముతో పైబడును. ఇది ఆ చక్కెర నిచ్చినను ముట్టదు. దీనికి కావలసినది చమురు. అందును ఆల్కేనులు, అనగా కర్బనపరమాణువులు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా గొలుసుకట్టి, చుట్టును ఉదజని పరమాణువులను తగిలించుకొనియున్న అణువులు. ముడిచమురులో ఈ గొలుసులు విస్తారముగ కలవు.

చమురు నీటితో కలియదు. బాక్టీరియమో నీటియందు నివసించునది. తిండి ఒకచోట, తినువాడు మరియొకచోట. ఈ ఎడబాటును తీర్చుటకు ఆ జీవి చక్కెర భాగమును క్రొవ్వు భాగమును అతికిన ఒక పదార్థమును తానే తయారుచేయును. ఆ అణువులో ఒక కొస నీటిని కోరును, మరియొక కొస జిడ్డును కోరును. అందుచే అది రెండింటి సరిహద్దున నిలిచి చమురుబొట్టును సన్నని బొట్లుగా చీల్చును. ఒక బొట్టు దానిలో పదవవంతు అడ్డుకొలతగల వేయి బొట్లుగా విడిపోయినచో, చమురు పెరుగకయే దాని ఉపరితలము పదిరెట్లగును. భోజనము జరుగునది ఉపరితలముననే గావున, ఇది స్వల్పలాభము కాదు.

2023లో జపాను దేశపు త్సుకుబా విశ్వవిద్యాలయమువారు మరికొందరితో కలిసి సూక్ష్మదర్శిని క్రింద కనిపెట్టిన సంగతి ఇంతకంటె అద్భుతమైనది. చమురుతో కొలది దినములు మాత్రమే పరిచయముగల ఆల్కనివోరాక్స్ కణములు బొట్టుచుట్టు గుండ్రని మందపుతొడుగుగా పేరుకొనుచున్నవి; మరికొన్ని దినములు చమురు తిని అలవాటుపడినవో, పలుచని పొరగా పరచుకొని, బొట్టును గొట్టములు గొట్టములుగా సాగదీసి, ముడుతలు పడజేసి, తమకు అంటుకొను తావును పెంచుకొనుచున్నవి. ఈ రెండవ రీతిలో చమురు మరింత వేగముగా హరించుచున్నది.

విడి వివరణ: ఒక ఆల్కేను అణువు అంతమగు విధము

పదునారు కర్బనములు గల గొలుసు నొకదానిని తీసికొందము. దానికి కొసలయందు గాని నడుమ గాని పట్టు దొరకదు. నిప్పుతో కాల్చిననే తప్ప సులభముగా దేనితోను కలియని అణువు అది. బాక్టీరియపు కణపొరలో ఇనుమును ధరించిన ఒక ఎంజైము కలదు. అది నీటిలో కరగియున్న ప్రాణవాయువునుండి ఒక పరమాణువును గ్రహించి, గొలుసు కొసనున్న కర్బనమునకు తగిలించును. పనియంతటిలోను కష్టమైనది ఇదియే. ఇంతట గొలుసు ఆల్కహాలుగా మారినది. పిమ్మట రెండు మెట్లలో అది క్రొవ్వు ఆమ్లమగును.

క్రొవ్వు ఆమ్లమైన తరువాత అది చమురు కాదు, ఆహారము. మన శరీరము నేతిని, నూనెను జీర్ణించుకొను పద్ధతిలోనే బాక్టీరియమును ఈ గొలుసును రెండేసి కర్బనముల తునకలుగా కోయును. పదునారింటినుండి ఎనిమిది తునకలు వచ్చును. వానిలో కొన్ని బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను మారుచు శక్తినిచ్చును. కొన్ని ఆ జీవి శరీరనిర్మాణమునకు పోవును. తొలి మెట్టునకు తగిన పనిముట్టు మన ప్రేగులలో లేదు. లిక్విడ్ పారఫిన్ అను మందు విరేచనమునకై పుచ్చుకొనినవారి కడుపులో అది జీర్ణము కాక అట్లే బయటపడుట అందువలననే.

ఉంగరమువలె చుట్టుకొనిన సుగంధిక హైడ్రోకార్బనములను త్రుంచుటకు ఆల్కనివోరాక్స్ చాలదు. ఆ పని సైక్లోక్లాస్టికస్ అను వేరొక తెగది. అంటార్కిటికా చలినీటిలో గొలుసులను తినుటకు ఒలీస్పైరా కలదు. ముడిచమురులో వేలకొలది రకముల అణువులుండగా ఏ ఒక్క జీవియు అన్నిటిని తినజాలదు. తిన్నని గొలుసులు ముందుగా పోవును. కొమ్మలుగల గొలుసులు తరువాత. పిమ్మట చిన్న ఉంగరములు. తుదకు మిగులునవి రెసినులు, ఆస్ఫాల్టీనులు అను బరువైన పదార్థములు; రోడ్డుమీద పోయు తారులో నుండునవి ఇవియే. వీనిని తినుటకు ఏ జీవికిని తొందర లేదు.

చమురు పడని దినములలో

ఓడ బ్రద్దలగుట గాని, బావి పగులుట గాని ఏ తీరమునకును నిత్యకృత్యము కాదు. ఊటలు సయితము కొన్ని తావులకే పరిమితములు. అట్లుండగా చమురుజాడయే లేదనుకొనిన నడిసముద్రపు నీటిని ముంచి తెచ్చి చూచినను ఈ జీవులు, కొలదిగనైనను, దొరకుచునే యున్నవి. చక్కెరను సయితము ముట్టని ఈ జాతి, ఎప్పుడో పడబోవు చమురుకొరకు యుగములు పస్తులుండినదని నమ్ముట ఎట్లు?

దీనికి సమాధానము 2015లో వెలువడినది. ప్రోక్లోరోకాకస్, సైనికోకాకస్ అను అతిసూక్ష్మమైన నీలిహరిత బాక్టీరియా సముద్రపు పైనీటియందంతటను సూర్యరశ్మితో ఆహారము వండుకొనుచు జీవించుచున్నవి. వాని కణములలో పదునైదు, పదునేడు కర్బనములుగల ఆల్కేనులు సహజముగ తయారగుచుండును. ఇట్లు సముద్రములందు ఏటేట ఉత్పత్తియగు హైడ్రోకార్బనములు ముప్పది కోట్ల టన్నులకు పైగా, డెబ్బదియేడు కోట్ల టన్నుల వరకు ఉండునని పరిశోధకులు లెక్కకట్టిరి. ఊటలనుండి వచ్చు ఆరు లక్షల టన్నులతో పోల్చి చూడుడు. అయిదువందల రెట్లకు పైమాటయే! ఇంత పుట్టుచున్నను నీటిలో నిలువయగుట లేదు. పుట్టినది పుట్టినట్లే ఆరగింపబడుచున్నది. నిర్మలమని మనము తలచు నీలిజలములందు ఒక చమురుచక్రము నిశ్శబ్దముగ తిరుగుచునే యున్నదన్నమాట. ఆ చక్రమునకు అలవాటుపడిన జీవులకు ఓడ పగులుట అకాలమున వచ్చిన విందే కాని అపరిచితమైన ఆహారము కాదు.

అయితే ఈ చక్రమున తిరుగునవి తేలికయైన తిన్నని గొలుసులు మాత్రమే. ముడిచమురులోని ఉంగరములును, తారు భాగములును ఇందులో లేవు. సముద్రము తన్నుతాను శుభ్రపరచుకొనునని చెప్పి చేతులు దులుపుకొనువారు ఈ భేదమును మరచుచున్నారు.

మెక్సికో సింధుశాఖ: 2010

ఆ సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీన డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వకపు వేదిక ప్రేలి పదునొకండుగురు మరణించిరి. దాదాపు 1500 మీటర్ల లోతున పగిలిన బావి ఎనుబదియేడు దినములపాటు చమురును, వాయువును క్రక్కుచునే యుండెను. అందు కొంత పైకి తేలినను, చాల భాగము సన్నని తుంపరయై 1100 మీటర్ల లోతున ఒక మేఘమువలె వ్యాపించి నిలిచిపోయినది. అచ్చట వెలుతురు లేదు. నీటి ఉష్ణత అయిదు డిగ్రీలు మాత్రమే. అంతటి చలిలో సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయునని పెక్కురు ఆశింపలేదు. కాని టెరీ హేజన్ ప్రభృతి శాస్త్రజ్ఞులు ఆ మేఘమునుండి నీటిని తెచ్చి పరీక్షింపగా, చుట్టుపట్ల నీటికంటె అందు బాక్టీరియా హెచ్చుగ నుండుటయు, వానిలో ఓషియనోస్పైరిల్లేలిస్ అను ఒకే తెగవి సింహభాగమగుటయు కానవచ్చినది. ఆల్కనివోరాక్స్ ఈ తెగకు దగ్గరి చుట్టమే. కొన్ని వారములు గడచునప్పటికి ఆ తెగ తగ్గి, సైక్లోక్లాస్టికస్, కాల్వెల్లియా అనునవి పెరిగినవి. తిండి మారుటతో తినువారును మారిరి.

ఈ సందర్భముననే చమురును చీల్చు రసాయనములను పద్దెనిమిది లక్షల గ్యాలన్లకు మించి సముద్రమున క్రుమ్మరించిరి. బాక్టీరియము తన స్రావముతో చేయు పనినే టోకుగా చేయుట వారి ఉద్దేశము. తర్కము బాగుగనే యున్నది. కాని 2015లో వెలువడిన ఒక ప్రయోగఫలితమును బట్టి, ఆ రసాయనము కలిపిన నీటిలో కాల్వెల్లియా పెరిగినది గాని, చమురును మిక్కిలిగ తినగల మెరినోబాక్టర్ అణగిపోయినది. చమురు తరుగుటయు వేగము పుంజుకొనలేదు. ఇతర ప్రయోగములు చేసినవారు దీనితో ఏకీభవింపలేదు; వాదము తెగలేదు. తొందరపడి మందు వేయుటవలని చేటునకు మాత్రము పాత దృష్టాంతము కలదు. 1967లో ఇంగ్లండునకు నైరృతిమూలను టోరీ కాన్యన్ అను చమురుఓడ రాతిపై ఎక్కి బ్రద్దలైనపుడు తీరములందు చల్లిన నాటి డిటర్జెంటులు అచ్చటి నత్తలను, ప్రాణికోటిని చమురుకన్నను ఎక్కువగ చంపినవి.

కరవు దేనికి?

1980 జూన్ 16వ తేదీన అమెరికా సుప్రీము కోర్టు ఒక ప్రసిద్ధమైన తీర్పు చెప్పినది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండిన వంగదేశీయుడు ఆనందమోహన చక్రవర్తి, చమురునందలి వేర్వేరు భాగములను తినగల శక్తులను వేర్వేరు బాక్టీరియానుండి గ్రహించి ఒక్క సూడోమోనాస్ జీవియందు కూర్చెను. మానవుడు రూపొందించిన జీవికి పేటెంటు ఇయ్యవచ్చునా అను ప్రశ్నకు అయిదుగురు న్యాయమూర్తులు ఔననిరి, నలుగురు కాదనిరి. జీవసాంకేతిక పరిశ్రమకు ఆ తీర్పు పునాదియైనది. ఇంతటి కీర్తి గడించిన ఆ జీవి సముద్రముపై ఒలికిన చమురును శుభ్రపరచుటకు ఎన్నడును వినియోగపడలేదు.

క్రొత్త జీవిని ప్రకృతిలో విడుచుటకు భయపడుట ఒక కారణము. కాని అంతకంటె లోతైన కారణమొకటి కలదు. సముద్రమునకు చమురుతినువారి కొరత లేదు. చమురు పడిన చోట ఉన్న కొలది జీవులే కొన్ని దినములలో అసంఖ్యాకములుగా పెరుగును. కొరతపడునది వేరు. చమురునందు కర్బనము, ఉదజని పుష్కలముగా కలవు గాని నత్రజని స్వల్పము, భాస్వరము మరింత స్వల్పము. ఈ రెండును లేక ఏ జీవియు తన ప్రోటీనులను గాని, జన్యుపదార్థమును గాని నిర్మించుకొనలేదు. సముద్రపు పైనీటియందు అవి సహజముగనే అరుదు. కర్బనపు రాశిపై కూర్చుండియు బాక్టీరియా పెరుగక నిలిచిపోవుచున్నవనిన, అది ఈ లోటుచేతనే.

1989 మార్చి 24వ తేదీన అలాస్కాలోని ప్రిన్స్ విలియం సింధుశాఖలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ రాతిని తాకి దాదాపు కోటి పది లక్షల గ్యాలన్ల చమురు ఒలికినపుడు ఈ తత్త్వమునే అనుసరించిరి. క్రొత్త బాక్టీరియాను తెచ్చి చల్లక, నత్రజని భాస్వరములుగల ఎరువులను గులకరాళ్ల తీరములపై చల్లిరి. ఎరువు పడినచోట చమురు తరుగుట త్వరితమైనది. నా మట్టుకు, పేటెంటు పొందిన జీవికంటె ఈ ఎరువే గొప్ప ఆలోచనగా తోచుచున్నది. కాని దానికి కీర్తి రాలేదు.

మన తీరము

2017 జనవరి 28వ తేదీన చెన్నపట్టణమునకు ఉత్తరమున ఎన్నూరు రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొని బరువైన ఓడఇంధనము సముద్రముపాలైనది. చిక్కని ఆ మడ్డిని తీరరక్షకదళమువారును, స్వచ్ఛందసేవకులును బకెట్లతో తోడిపోయవలసివచ్చినది. ఆ దృశ్యమును చూచి పరిహసించినవారు పెక్కురు. చమురుతిను బాక్టీరియా ఉండగా బకెట్లేల యని అడిగినవారును కలరు. బరువైన ఇంధనములో బాక్టీరియాకు రుచించు భాగములు తక్కువ. మందముగా పేరుకొనిన మడ్డిలో ఉపరితలము మరియు తక్కువ. అట్టిదానిని ముందుగా తోడివేయుటయే శాస్త్రసమ్మతమైన పని. బాక్టీరియా వంతు ఆ తరువాత మిగిలిన పలుచని పొరతో ఆరంభమగును. గోవా తీరమునకు నైరృతి ఋతుపవనముల వేళ కొట్టుకొనివచ్చు తారుఉండలు అట్లు తినగా మిగిలినవే. తేలికభాగములు గాలికిని, బాక్టీరియాకును పోగా, ఎవరికిని అక్కరలేనిది ఉండలుగట్టి ఇసుకపై పడుచున్నది.

కృష్ణాగోదావరీ పరీవాహమున సముద్రగర్భమునుండి చమురును, వాయువును తోడుచున్నాము. ఆ బావులకు ఎంతో దూరము కాని చోట, గోదావరీముఖమున, కోరింగ మడ అడవులు కలవు. తెరపసముద్రమున తేలు చమురు వేరు, మడచెట్ల వ్రేళ్లలో చిక్కుకొనిన చమురు వేరు. అచ్చటి బురదలో పై పొర దాటినంతనే ప్రాణవాయువు ఉండదు. ఆల్కేను గొలుసునకు తొలి పరమాణువును తగిలించు ఎంజైమునకు చేతిలో పనిముట్టే లేకపోవును. నత్రజని యిచ్చినను, భాస్వరమిచ్చినను ఫలితము స్వల్పము. అలాస్కా తీరమున గులకరాళ్ల క్రింద గాలి సోకనిచోట చిక్కిన చమురు ఇరువది సంవత్సరముల తరువాతను త్రవ్విన కనబడుటకు ముఖ్యకారణము ఇదియే. ఇట్టి చీకటిబురదలో వేరొక జాతి బాక్టీరియా పనికి పూనుకొనును. అవి ప్రాణవాయువునకు బదులు, సముద్రపు ఉప్పులోనే కలసియున్న సల్ఫేటును వాడుకొని, కుళ్లిన గ్రుడ్డు వాసనగల వాయువును విడుచుచు చమురును విరుగగొట్టును. ప్రాణవాయువున్నచోట వారములలో ముగియు పని వాని చేతిలో సంవత్సరములు పట్టును.